సైకిలు గారి హాజరు

నందికుదురు పురపాలక సంఘం ఆవరణలో, కమిషనరు గారి జీపు షెడ్డు వెనకాల పాత సైకిళ్ళ గుట్ట ఒకటి ఉండేది. ఎప్పుడో ఏదో పథకం కింద సిబ్బందికి పంచిన సైకిళ్ళవి. పథకం పోయింది, పంచినాయన రిటైరయ్యాడు, పుచ్చుకున్నవాళ్ళు మోటారు సైకిళ్ళు కొనుక్కున్నారు. సైకిళ్ళు మాత్రం ఒకదాని చక్రంలో ఒకటి కాలు దూర్చి అలాగే పడి ఉన్నాయి. వాటి మీద కాకరపాదు ఒకటి తనంతట తానే పుట్టి పాకింది. ఆ కాయలు ఎవరు కోసుకోవాలన్న విషయంలో పారిశుధ్య విభాగానికీ పన్నుల విభాగానికీ మాటలు ఆగిపోయిన సందర్భం కూడా ఉంది గానీ, సైకిళ్ళ ఊసెత్తినవాడు లేడు.

అటువంటి సైకిళ్ళకి హఠాత్తుగా యోగం పట్టింది. పై కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది.

“నిరుపయోగముగా పడియున్న వాడిన సైకిళ్ళన్నింటికిని ఛాయాచిత్రములు తీసి, ఆన్‌లైనునందు ప్రదర్శించి విక్రయించవలెను. ఇందులకై వేరొక యాప్ తయారుచేయించుట కాలహరణము గనుక, ఉద్యోగుల ముఖ హాజరు కొరకు ఇప్పటికే అమలులోనున్న యాప్‌నే వినియోగించవలెను. అందు ఉద్యోగి అని యున్న చోటనెల్ల సైకిలు అని చదువుకొనవలెను.”

కమిషనరు విశ్వంభరరావు గారు అది చదివి పులకించిపోయారు. ఆయనకి ఆన్‌లైను అంటే వల్లమాలిన ప్రేమ. ఆఫీసు ముందరి మురిక్కాలవ పొంగిందని ఎవరైనా వచ్చి చెబితే ఆయన కిటికీలోంచి చూసేవారు కాదు, ఫొటో పెట్టమనేవారు. ఫొటోలో కాలవ బాగుంటే పొంగలేదని రాసేసేవారు. మేనేజరు పరాంకుశం గారిది ఇంకో తరహా. ఉత్తర్వు అన్నది అమలు చెయ్యడానికే గానీ అర్థం చేసుకోవడానికి కాదని సర్వీసంతా నమ్మిన మనిషి. ఒకరిది ఉత్సాహం, ఒకరిది నిష్ఠ. ఈ రెండూ ఒకే ఆఫీసులో కలిస్తే ఆ ఊరిని దేవుడు కూడా కాపాడలేడు.

మర్నాడే కాకరపాదు పీకించారు. సైకిళ్ళని ఒక్కొక్కటిగా లాగి, దులిపి, గోడకి ఆనించారు. కంప్యూటరు ఆపరేటరు హిమజ ఫోను పట్టుకుని మొదటి సైకిలు ఎదురుగా నిలబడింది.

“ముఖం స్పష్టముగా లేదు అంటోందండి,” అంది హిమజ.

“తుడవండయ్యా,” అన్నారు కమిషనరు గారు.

తుడిచారు.

“కళ్ళజోడు తీసివేయండి అంటోందండి.”

సైకిలుకి కళ్ళజోడు లేదు. అయినా ఉత్తర్వు ఉత్తర్వే కాబట్టి పరాంకుశం గారు తన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. యాప్ సంతృప్తి పడలేదు. గడ్డం పైకెత్తమంది. ఇద్దరు మనుషులు పట్టుకుని హ్యాండిలు పైకెత్తారు. ముఖం కనబడుట లేదంది. పరాంకుశం గారు కాస్త ఆలోచించి, కాగితం పళ్ళాల మీద స్కెచ్ పెన్నుతో రెండు కళ్ళు గీయించి హ్యాండిలుకి కట్టించారు. ముసుగు తొలగించమంది. ఎండ నడినెత్తికొచ్చింది. గుట్టలో ఉన్న సైకిళ్ళలో ఒక్కటంటే ఒక్కటి మొహం ఉన్నది లేదని తేలిపోయింది.

సరిగ్గా ఆ సమయంలో తాతబ్బాయి సైకిలు తొక్కుకుంటూ లోపలికొచ్చాడు.

తాతబ్బాయి ఊళ్ళో మంచినీళ్ళ వాల్వులు తిప్పే మనిషి. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా కమిషనరు గారి సంతకం పడితే ఉంటాడు, లేకపోతే లేడు. ఊరికి ఈ చివర వాల్వు తిప్పి ఆ చివర ఇటికబట్టీల కాలనీ దాకా వెళ్ళాలంటే సైకిలు ఉండాలి. కాబట్టి ఆ సైకిలే అతని ఉద్యోగం. అయితే దాన్ని చూసుకునే తీరు చూస్తే ఎవరూ ఉద్యోగం అనుకోరు, ప్రాణం అనుకుంటారు. పాలమ్మే ఆయన దగ్గర ఉత్త ఫ్రేము కొని, తక్కిన అంగాలన్నీ ఒక్కొక్క పండక్కి ఒక్కొక్కటి అమర్చుకుంటూ వచ్చాడు. ఎర్ర రెక్సిను సీటు, పిడులకి కుచ్చులు, చైను కవరు మీద భార్య పేరు, ముందరవైపు డైనమోకి ఒకటి చాలదని రెండు గుండ్రటి లైట్లు, వాటి మధ్య కాస్త కిందగా ఇత్తడి గంట. ఎదురుగా వస్తుంటే ఎవరో నవ్వుమొహం వాడు వస్తున్నట్టే ఉండేది.

హిమజ చేతిలో ఫోను అటు తిరిగింది. వెంటనే దానికి పచ్చటి గీత పడింది.

“సార్, మొహం దొరికిందండి,” అంది హిమజ.

అందరూ తాతబ్బాయి వంక చూశారు. తాతబ్బాయి జుట్టు సర్దుకున్నాడు.

“నువ్వు కాదయ్యా, పక్కకి తప్పుకో,” అన్నారు కమిషనరు గారు. “సైకిలు అక్కడే నిలబెట్టు. నమూనాకి ఒక్క ఫొటో తీసుకుంటాం. ఎలా ఉండాలో మనకీ తెలుస్తుంది కదా.”

తన సైకిలు నమూనా అనేసరికి తాతబ్బాయికి ఒళ్ళు తెలియలేదు. స్టాండు వేసి, భుజమ్మీది తువ్వాలుతో లైట్లు తుడిచి, హ్యాండిలు సరిగ్గా నిలబెట్టాడు.

“కళ్ళు మూసి తెరవమంటోంది బాబాయ్,” అంది హిమజ.

“తెరుత్తాదండి. ఎందుకు తెరవదు,” అన్నాడు తాతబ్బాయి. కూర్చుని పెడలు మెల్లిగా తిప్పాడు. వెనక చక్రం తిరిగింది, డైనమో కూసింది, రెండు లైట్లూ వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగాయి. అక్కడున్న బంట్రోతులు కూడా చప్పట్లు కొట్టారు. యాప్ పేరు అడిగింది. పరాంకుశం గారు వంగి చైను కవరు మీద ఉన్నది చదివి చెప్పారు. హిమజ అదే కొట్టింది.

“మంగతాయారు గారూ, అభినందనలు. మీ నమోదు పూర్తయినది,” అంది ఫోను.

సాయంత్రం దాకా ఉంచమంటే ఉంచిన తాతబ్బాయి, సైకిలు తీసుకుందామని వెళితే హ్యాండిలుకి లక్క ముద్ర వేసిన తాడు వేలాడుతోంది. పక్కన పరాంకుశం గారు నిలబడి ఉన్నారు.

“ముట్టుకోకు. నమోదైంది,” అన్నారాయన.

“నమూనా అన్నారు కదండి.”

“నమూనా అని మనం అనుకున్నాం. యాప్ అనుకోలేదు. నమోదైన సైకిలు విక్రయం జరిగేవరకూ ఫొటో తీసిన చోటే ఉండవలెను. ప్రతిదినము ఉదయము, సాయంత్రము అచ్చోటనే హాజరు వేయవలెను. ఆరో పేరా.”

“ఇది నా సైకిలండి బాబూ. ఊరంతా ఎరుగుదురు.”

“ఊరు ఎరిగితే చాలదు, రుజువు కావాలి.”

తాతబ్బాయి ఇంటికి నడిచివెళ్ళి, గోడకున్న ఫొటో ఊడదీసుకుని వచ్చాడు. అందులో తాతబ్బాయి, భార్య మంగతాయారు, మధ్యలో పూలదండతో సైకిలు. పరాంకుశం గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

“నువ్వు దీని పక్కన నిలబడ్డావు. బాగుంది. రేపు నేను కమిషనరు గారి జీపు పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటాను. జీపు నాదైపోతుందా?”

“పోనీ అందులోంచి కొట్టేయండి.”

“ఉద్యోగి అని ఉన్న చోట సైకిలు అని చదువుకోవాలి కదా. పేరు కొట్టెయ్యడమంటే ఉద్యోగంలోంచి తీసెయ్యడం. దానికి అభియోగం ఉండాలి, విచారణ ఉండాలి. పాపం, ఇవాళే చేరింది. దాని మీద ఏమని రాయను?”

తాతబ్బాయి సైకిలు వంక చూశాడు. అది నవ్వుమొహంతోనే ఉంది. దాని తప్పు ఏమీ లేదని తెలిసినా దానికి వీపు తిప్పి ఇంటికి నడిచాడు.

మర్నాటి నుంచి కష్టాలు మొదలయ్యాయి. సైకిలుకి హాజరు వెయ్యాలంటే అది రెప్ప వెయ్యాలి. రెప్ప వెయ్యాలంటే ఎవరో ఒకరు పెడలు తిప్పాలి. బంట్రోతు తిప్పితే లైట్లు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతున్నాయి, యాప్ ఒప్పుకోవడం లేదు. మెల్లిగా, ఆగి ఆగి తిప్పడం తాతబ్బాయికే చేతనైంది. కాబట్టి కమిషనరు గారు ఆఫీసు ఆర్డరు ఇచ్చారు. “మంగతాయారు అను సైకిలు యొక్క కంటి చలనము నిమిత్తము వాల్వు ఆపరేటరు తాతబ్బాయి ఉదయ సాయంత్రములయందు తప్పక హాజరు కావలెను.” తాతబ్బాయి పొద్దున్నే నడుచుకుంటూ ఆఫీసుకొచ్చి, తన సైకిలు ముందర గొంతుక్కూర్చుని, దాని చేత రెప్ప వేయించి, మళ్ళీ నడుచుకుంటూ వాల్వుల దగ్గరికి బయల్దేరేవాడు. ఒక్కొక్క వీధి దాటేసరికి ఎండెక్కేది. ఆఖరి వాల్వు ఇటికబట్టీల కాలనీది. అక్కడికి చేరేసరికి ఆడవాళ్ళు బిందెలు అక్కడే వదిలేసి పనుల్లోకి వెళ్ళిపోయేవారు.

అలా వెళ్ళిపోని మనిషి ఒకామె ఉంది. భూలక్ష్మి అని, బట్టీలో ఇటికలు మోస్తుంది. నీళ్ళు పట్టుకోకుండా పనిలోకి వెళ్ళేది కాదు.

“ఏం తాతబ్బాయి, నడిచొత్తన్నావా, పాక్కుంటా వత్తన్నావా?” అని అడిగేది.

“సైకిలు ఆఫీసులో ఉండిపోయిందమ్మా.”

“అదేం చేత్తంది ఆఫీసులో?”

“ఉద్యోగం,” అనేవాడు తాతబ్బాయి. ఆమె వేళాకోళం అనుకుని ఇంకో నాలుగు తిట్టేది.

ఇంట్లో మంగతాయారు పెట్టేది వేరే పోరు. “నా పేరెట్టుకుని అక్కడ అది పర్మనెంటు అయిపోయిందంట. నేనేమో ఇక్కడ నీకు కేరేజీ కడతన్నాను. ఏవయ్యా, దాన్నే ఏలుకోరాదూ?” అని ఒకనాడు అనేసి, తరవాత తనే జాలిపడింది. నడిచి నడిచి మొగుడి అరికాళ్ళు పగిలిపోయి ఉన్నాయి. ఆమె ఆవనూనె రాస్తూ అంది, “అమ్మకానికే కదా ఎట్టారు. మనమే కొనేసుకుందాం.”

ఆ ముక్క తనకి తోచనందుకు తాతబ్బాయి సిగ్గుపడి, ఆనందపడి, మర్నాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని హిమజ దగ్గరికి వెళ్ళాడు. హిమజకి వీళ్ళిద్దర్నీ చూస్తే మొదటినుంచీ జాలే. ఫోను తీసి సైకిలు పేజీ తెరిచింది. కొనుగోలు అన్న మీట నొక్కింది. ఫోను కాసేపు గింగిర్లు తిరిగింది.

“సర్వీసులో ఉన్న ఉద్యోగిని విక్రయించుట కుదరదు. పదవీ విరమణ అనంతరము ప్రయత్నించండి,” అని చదివింది హిమజ.

“ఎప్పుడంటండి విరమణ?” అడిగింది మంగతాయారు.

హిమజ చూసింది. సైకిలు పుట్టినరోజు దగ్గర యాప్ తనంతట తానే ఫొటో తీసిన తేదీ వేసుకుంది. అక్కణ్ణుంచి లెక్కగట్టి విరమణ తేదీ కూడా చూపిస్తోంది. ఆ సంవత్సరం అంకె హిమజ పైకి చదవలేదు.

“మన మనవల నాటికి రావచ్చు పిన్నీ,” అంది.

తాతబ్బాయి తిన్నగా కమిషనరు గారి గదిలోకి వెళ్ళాడు. ఆ ధైర్యం ఎలా వచ్చిందో అతనికే తెలియదు. లోపలికి వెళ్ళాక మాత్రం పోయింది. విశ్వంభరరావు గారు కంప్యూటరు తెర అతని వైపు తిప్పారు.

“నీ సంగతే చూస్తున్నానయ్యా. ఇదిగో, ఇటికబట్టీల కాలనీ నుంచి ఫిర్యాదులు, ఖాళీ బిందెల ఫొటోలతో సహా. ఫొటోలు చాలా స్పష్టంగా ఉన్నాయి, కాదనడానికి లేదు. ఇది నీ హాజరు. ఇది నీ సైకిలు హాజరు. సిగ్గుగా లేదూ?”

“దానికి రెప్ప ఏయించడానికే కదండి నాకు ఆలస్యమవుతంది.”

“కారణాలు చెప్పకు. అది ఏనాడన్నా కారణం చెప్పిందా? ఈ ఏడాది ఆఖరున కాంట్రాక్టుల పునరుద్ధరణ. ఈలోగా నీళ్ళు వేళకి రాకపోతే నా సంతకం ఆశించకు.”

అదీ సంగతి. నీళ్ళు వేళకి రావాలంటే సైకిలు కావాలి. సైకిలు ఉద్యోగంలో ఉంది. అది ఉద్యోగం మానితే గానీ ఇతని ఉద్యోగం నిలబడదు. తాతబ్బాయి బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. పగవాడిక్కూడా ఇలాంటి సహోద్యోగి వద్దనుకున్నాడు.

వానాకాలం వచ్చింది. ఫొటో తీసిన చోటు ఆరుబయట. షెడ్డులోకి జరపాలంటే బదిలీ కోరుతూ సైకిలు దరఖాస్తు పెట్టుకోవాలన్నారు పరాంకుశం గారు. సంతకం చెయ్యలేని ఉద్యోగులు వేలిముద్ర వెయ్యవచ్చునని కూడా సౌకర్యం చెప్పారు. చివరికి కమిషనరు గారు దయతలచి గొడుగు మంజూరు చేశారు. ఒకనాడు ముందర టైరులో గాలి పోయింది. మొహం వాలిపోయిందని యాప్ హాజరు నిరాకరించింది. దానికి వైద్య సెలవు ఇచ్చి, పంక్చరు వేసినాయన చేత ఆరోగ్యం కుదుటపడినట్టు ధ్రువపత్రం రాయించి, మళ్ళీ విధుల్లోకి తీసుకున్నారు. దసరాకి సిబ్బందిలో సగం మంది ఊళ్ళు పట్టుకుని పోతే సైకిలు ఒక్కటే డ్యూటీలో ఉంది.

ఈ విశేషాలన్నీ యాప్ ద్వారా పై కార్యాలయానికి చేరుతూనే ఉన్నాయి. జిల్లా మొత్తం మీద ఒక్క సెలవూ స్వంతానికి వాడుకోని ఉద్యోగి నందికుదురులో ఉన్నట్టు అక్కడి కంప్యూటరు కనిపెట్టింది. ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం వచ్చింది, మంగతాయారు పేరున.

సన్మానం ఆఫీసు ఆవరణలోనే చేశారు. షామియానా వేశారు. బజార్లో ఫ్లెక్సీలు వేసే బాషా చేత నిలువెత్తు ఫ్లెక్సీ వేయించి గేటు పక్కన నిలబెట్టారు. అందులో సైకిలు ఎదురుగా చూస్తూ, అసలు దానికంటే రెండు వన్నెలు ఎక్కువగా మెరిసిపోతోంది. కమిషనరు గారు అసలు సైకిలుకి శాలువా కప్పి, దండ వేసి మాట్లాడారు.

“ఎండనక, వాననక, నిలబెట్టిన చోట నిలబడి అంకితభావముతో సేవలందించిన ఘనత ఈ ఉద్యోగిది. ఏనాడూ వేతన సవరణ కోరలేదు. ఏనాడూ బదిలీ కొరకు సిఫార్సు తేలేదు. ఎదురు మాట్లాడుట ఎరుగదు. మనలో ప్రతి ఒక్కరూ ఈ సైకిలును ఆదర్శముగా తీసుకుని, ఎక్కడివారక్కడ కదలకుండా పనిచేయవలెనని కోరుచున్నాను.”

అందరూ చప్పట్లు కొట్టారు. తాతబ్బాయి కూడా కొట్టాడు. సైకిలు మీద శాలువా జారుతుంటే వెళ్ళి సర్ది వచ్చాడు. ఎంతైనా తన చేతుల్లో పెరిగింది. కానీ దాని చక్రాలకి పట్టిన మట్టి ఎండిపోయి ఎన్నాళ్ళయిందో తలుచుకుంటే, ఆ చప్పట్లు కొట్టిన చేతులతోనే మొహం కప్పుకోవాలనిపించింది.

ఆ మర్నాడు రైల్వే గేటు దగ్గర పైపు పగిలింది. తాతబ్బాయి రాలేకపోయాడు. హాజరు వేళ మించిపోతోంది, రెప్ప వేయించే మనిషి లేడు. హిమజకి ఏం చెయ్యాలో తోచక ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే అది ఆఫీసు గేటు పక్కనున్న ఫ్లెక్సీ వైపు తిరిగింది. పచ్చటి గీత పడింది. కళ్ళు మూసి తెరవమంది. హిమజ చేతిలో ఉన్న అట్టని ఫ్లెక్సీలోని లైట్లకి అడ్డం పెట్టి తీసేసింది.

“హాజరు నమోదైనది. ధన్యవాదములు,” అంది ఫోను.

సాయంత్రం హిమజ ఆ సంగతి తాతబ్బాయికి చెప్పింది. ఇద్దరూ కలిసి పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఒప్పుకోకపోతే ఇహ లేదని తాతబ్బాయికి తెలుసు. ఆయన ఉత్తర్వు తెప్పించుకుని, ఆరో పేరా మీద వేలుపెట్టి, కళ్ళు మూసుకున్నారు.

“హాజరు ఫొటోలో సైకిలు ఉండవలెను అన్నారు. ఉంది,” అన్నారు కళ్ళు మూసుకునే. “ఫొటో తీసిన చోటే ఉండవలెను అన్నారు. ఇవాళ ఫొటో తీసింది గేటు దగ్గర, ఉన్నదీ అక్కడే. కనురెప్ప వేయవలెను. వేసింది. ఆ సైకిలులో సైకిలు కూడా ఉండవలెనని ఎక్కడా లేదు.”

“అయితే తీసుకెళ్ళనాండి?”

“ఏది?”

“సైకిలండి.”

“సైకిలు అదిగో గేటు దగ్గర డ్యూటీలో ఉంది. షెడ్డు వెనకాల ఏదో సామాను పడి ఉన్నట్టుంది, శాలువా ఇక్కడ పెట్టేసి అది తీసుకుపో.”

తాతబ్బాయి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. ఆయన కాళ్ళు లోపలికి లాక్కున్నారు. నిబంధనలు ఒప్పుకున్నాయి గానీ తనదేమీ లేదన్నారు.

ఆ సాయంత్రం తాతబ్బాయి ఇంటికి తిన్నగా వెళ్ళలేదు. ఊరంతా తిరిగాడు. పని లేకపోయినా వాల్వు వాల్వుకీ వెళ్ళి గంట కొట్టి వచ్చాడు. ఇంటి ముందు ఆగేసరికి మంగతాయారు చెంబుతో నీళ్ళు తెచ్చి సైకిలు చక్రాలు కడిగి, చైను కవరు మీది తన పేరు కొంగుతో తుడిచింది. ఇంత సంతోషం తమ పెళ్ళినాడు కూడా లేదని తాతబ్బాయి అన్నాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు.

తరవాత రోజులన్నీ బాగానే గడిచాయి. నీళ్ళు వేళకి వచ్చాయి. భూలక్ష్మి తిట్టడం మానేసి, ఒకనాడు మజ్జిగ కూడా ఇచ్చింది. ఆఫీసులో ఫ్లెక్సీ హాజరు వేస్తూనే ఉంది. పంక్చరు బాధ లేదు, పెడలు తిప్పే మనిషి అవసరం లేదు. విశ్వంభరరావు గారు తన గది కిటికీలోంచి కాదు గానీ, కంప్యూటరులోంచి ఇదంతా గమనిస్తూనే ఉన్నారు. మునుపటికంటే హాజరు ఇంకా మెరుగుపడడం ఆయన దృష్టిని దాటిపోలేదు. పరాంకుశం గారిని పిలిచి కారణం అడిగారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, చెప్పేశారు. కమిషనరు గారు కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, పైకి చూస్తూ, “ఉద్యోగి అని ఉన్న చోట సైకిలు అని చదువుకున్నాం కదా. మళ్ళీ సైకిలు అని ఉన్న చోట ఉద్యోగి అని చదువుకుంటే తప్పేముంది?” అన్నారు.

పరాంకుశం గారు ఎంత వెతికినా తప్పు కనపడలేదు.

కాంట్రాక్టు సిబ్బందినందర్నీ పిలిచి ఒక్కొక్కరికీ ఫొటో తీశారు. బాగా తయారై రమ్మన్నారు. తాతబ్బాయి పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా వేసుకుని వెళ్ళాడు. వాల్వులు తిప్పే ఇనప తాళం చేత్తో పట్టుకుని, తిప్పుతున్నట్టు వంగి, మొహం మాత్రం ఇటు తిప్పి నవ్వమన్నారు. నవ్వాడు. సైకిలుకి దొరికిన మర్యాద ఇన్నాళ్ళకి తనకీ దొరికిందనుకున్నాడు.

పునరుద్ధరణ నాడు పరాంకుశం గారే స్వయంగా చెప్పారు. “తాతబ్బాయి కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. కమిషనరు గారు ఎంతో మెచ్చుకున్నారు.”

“తమ దయండి,” అన్నాడు తాతబ్బాయి, రెండు చేతులూ జోడించి.

“నీకు కాదయ్యా. అతనికి,” అన్నారు పరాంకుశం గారు, గోడకి ఆనించి ఉన్న ఫ్లెక్సీల వరస చూపించి.

తాతబ్బాయి అటు చూశాడు. పెళ్ళి చొక్కాలో తను నవ్వుతున్నాడు. చెమట లేదు. అరికాళ్ళు పగల్లేదు.

“మరి నేనండి?” అన్నాడు.

“నీ సంగతి ఉత్తర్వులో లేదు,” అన్నారు పరాంకుశం గారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఉత్తర్వులో లేనిదాన్ని ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు.

తాతబ్బాయి ఇంట్లో ఏమీ చెప్పలేదు. పొద్దున్నే ఎప్పటిలాగే సైకిలెక్కి, ఇనప తాళం భుజాన వేసుకుని బయల్దేరాడు. ఎందుకు బయల్దేరాడో అడిగితే చెప్పలేడు. ఆ వేళకి ఇంట్లో కూర్చోవడం అతనికి చేతకాదు. ఒక్కొక్క వాల్వు తిప్పుకుంటూ ఇటికబట్టీల కాలనీకి వచ్చేసరికి అక్కడ జనం పోగై ఉన్నారు. వాల్వు గుంట పక్కన రెండు కర్రలు పాతి తాతబ్బాయి ఫ్లెక్సీ కట్టారు. దాని ఎదురుగా బిందెల వరుస. వరుసలో అందరికంటే ముందు భూలక్ష్మి నడుమ్మీద చేతులు పెట్టుకుని ఫ్లెక్సీని నిలదీస్తోంది.

“తెల్లారినకాడ్నించి అలా తిప్పుతానే ఉన్నావు. చుక్క నీళ్ళు రావేంటి?”

వెనక బ్రేకు చప్పుడు విని ఆమె తిరిగి చూసింది. తాతబ్బాయిని చూసింది, మళ్ళీ ఫ్లెక్సీని చూసింది.

“ఇందులో జీతం పుచ్చుకునేది ఏ మనిషి?” అని అడిగింది.

తాతబ్బాయి వేలితో చూపించాడు, ఫ్లెక్సీ వైపు. సైకిలు స్టాండు వేసి, గుంట పక్కన వంగి, తాళం బిగించి తిప్పడం మొదలుపెట్టాడు. కుళాయిలో గాలి గురగురలాడింది, సన్నగా ధార పడింది. భూలక్ష్మి బిందె పెట్టింది.

ఇంతలో హిమజ స్కూటీ మీద వచ్చింది. పొద్దున్నే ఊరంతా తిరిగి ఫ్లెక్సీల హాజరు వెయ్యడం ఇప్పుడు ఆమె పని. ఫోను ఎత్తి పట్టుకుంది. అది ఒప్పుకోలేదు. మళ్ళీ పట్టుకుంది. తెర మీద పడిన మాటలు చూసి ఆమె మొహం చిన్నబోయింది.

“బాబాయ్,” అంది, నేల చూపులు చూస్తూ, “ఒకే మొహం రెండు చోట్ల కనబడుతోందంటోంది. ఎక్కువున్నవారిని తొలగించమంటోంది. కొంచెం పక్కకి జరగరూ, ఫొటోలో పడుతున్నారు.”

తాతబ్బాయి తాళం వదిలేసి లేచాడు. వాల్వు సగమే తిరిగింది. అతను వెళ్ళి తన సైకిలు పక్కన నిలబడ్డాడు. హిమజ అట్ట అడ్డం పెట్టి తీసింది.

“తాతబ్బాయి గారూ, హాజరు నమోదైనది. ధన్యవాదములు,” అంది ఫోను.

“అయిపోయిందామ్మా?” అని అడిగాడు తాతబ్బాయి.

“అయిపోయింది బాబాయ్.”

అతను మళ్ళీ గుంట దగ్గరికొచ్చి వంగి, మిగిలిన సగం తిప్పాడు.